మునిగిన ఊరి సినిమా

“ముందడిగింది నేను. నా చేతికియ్యి.”

“ముందడిగితే? ఊరికి పెద్దిల్లు యాదో నీకు తెల్దా? మా ఇంట్లో చూసినాంక నీకిస్తాం. ఒకరోజు ఆలీసమైతే నీ సొమ్మేం పోతాది?”

“మీ ఇంట్లో చూసినాంక దాంట్లో ఏం మిగులుతాదో ఎవురికి తెలుసు? గీతలు పడి వస్తే? ఆడ ఆగిపోయింది, ఈడ కనపళ్ళేదు అంటే నేనెవురికి చెప్పుకోవాల?”

“నోరు అదుపులో పెట్టుకో మే. నేను దొంగ మాదిరి కనపడతాండానా నీకు?”

“దొంగవని నేనన్నానా మామా? నువ్వే అంటాండావు.”

ఈ మాటలు జరిగింది ప్రొద్దుటూరులో, నా వీడియో షాపు కౌంటరు ముందర. గంప కిందికి దించి, చెంగుతో మొహం తుడుచుకుంటూ అరుస్తున్నది ఒక కుమ్మరామె. లోపలికి రాకుండా మెట్టు మీదనే నిలబడి, పంచె అంచు చేత్తో పట్టుకొని బదులు చెబుతున్నది వాళ్ళ ఊరి పెద్దింటాయన. ఇద్దరికీ మధ్యన, కౌంటరు మీద, నా అరచేతి కింద ఒక సినిమా ఉంది. రెండు సీడీలు, ఒకటే కవరు. దాని కోసం వాళ్ళిద్దరూ ఏండ్ల తరబడి నా షాపు మెట్లు ఎక్కీ దిగీ ఉన్నారు.

“ఇద్దరూ గొంతు తగ్గించండి. ఇది అంగడి, రచ్చబండ కాదు,” అన్నాను.

తగ్గించలేదు. అది తర్వాత చెబుతాను.

ఇందులో ఎవరి పేర్లూ రాయను. కొందరింకా ఉన్నారు, పోయినవాళ్ళ పిల్లలున్నారు. సినిమా పేరు కూడా రాయను. రాస్తే మీరు వెంటనే ఫోన్లో వెతికి, పది నిమిషాలు చూసి, “ఇంతేనా అవ్వా?” అంటారు. మా మనవరాలు అదే అన్నది. ఈ కాగితాల్లో తప్పులు దిద్దింది కూడా ఆ పిల్లే. నేను చదివింది ఐదో తరగతి.

పత్తి మిల్లు మూతపడ్డాక మా ఆయన ఆ షాపు పెట్టాడు. ఆయన మెత్తని మనిషి. ఎవరొచ్చి నవ్వుతూ అడిగినా క్యాసెట్టు చేతిలో పెట్టి పంపేవాడు. నెల తిరగకముందే ఆయన్ని కుర్చీలోంచి లేపి నేను కూర్చున్నాను. మళ్ళీ ఆ కుర్చీలోంచి లేచింది షాపు మూసిన రోజే.

వీడియో షాపంటే ఇప్పటి పిల్లలకు విడమరచి చెప్పాలి. సినిమా ఇటుకరాయంత క్యాసెట్టులో ఉండేది. ఇంటికి తీసుకుపోయి చూసి, టేపును మళ్ళీ మొదటికి చుట్టి తెచ్చివ్వాలి. చుట్టకుండా తెచ్చినవాడికి నేను ఇంకో సినిమా ఇచ్చేదాన్ని కాదు, వాడు ఎవరి కొడుకైనా సరే. వానాకాలం టేపు మీద తెల్లగా బూజు పట్టేది. మెత్తటి పాత పంచె గుడ్డతో తుడిచేదాన్ని. ప్లాస్టిక్ కవర్లు పారేయకుండా సబ్బు నీళ్ళలో కడిగి ఆరేసేదాన్ని. మా దండెం మీద బట్టల కంటే అవే ఎక్కువ వేలాడేవి. తర్వాత సీడీలు వచ్చాయి. గీత పడిన సీడీకి పళ్ళు తోముకునే పేస్టు రుద్ది కడిగితే చాలాసార్లు మళ్ళీ ఆడేది. నవ్వకండి, ఆడేది.

మిషన్ల పని చూసేది ఒక సాయిబు. పక్క సందులో రేడియోలు బాగుచేసుకునే మనిషి, మా షాపుకు మెకానిక్కు. ఆయనకు సినిమాలంటే ప్రాణం. నాకు అవి సరుకు.

“అక్కా, ఇన్ని సినిమాలు నీ చేతి మీదుగా పోతాండాయి. నువ్వు ఒక్కదానికన్నా ఏడ్చింది నేను చూళ్ళేదు,” అనేవాడు.

“ఏడిస్తే టేపు తడుస్తాది. నువ్వు పని చూడు,” అనేదాన్ని.

ఇక ఆ సినిమా సంగతి. అది నా పెళ్ళయిన కొత్తలో వచ్చింది. వచ్చినప్పుడు ఆడలేదు. హీరోది కొత్త మొహం, పాటలు తక్కువ. జమ్మలమడుగులో వారం తిరక్కుండానే తీసేశారు. ఆ తర్వాత ఎట్లా దొరికిందో గాని, దాని పాత ప్రింటొకటి టూరింగు టాకీసుల్లో తిరగడం మొదలుపెట్టింది. చవగ్గా వచ్చేది కాబట్టి, చేతిలో వేరే సినిమా లేనప్పుడల్లా అదే వేసేవాళ్ళు. వేయగా వేయగా జనానికి నోటికొచ్చింది. అందులో విలను ఎవరినైనా కొట్టే ముందు వాడికి చెంబు అందించి, “నీళ్ళు తాగి మాట్లాడు,” అంటాడు. పులివెందుల బస్టాండులో కండక్టర్లు చిల్లర అడిగినవాళ్ళతో అదే మాట. తగవుకు పోయిన అల్లుళ్ళతో మామలు అదే మాట. మా ఆయన కూడా ఒకసారి నాతో అన్నాడు, ఒక్కసారే. ఆడని సినిమా అట్లా మా ప్రాంతంలో ఇంటింటి సినిమా అయింది. షాపు తెరిచినప్పటి నుంచి దాన్ని అడగని వారం లేదు. నా దగ్గర లేదు. ఎవరి దగ్గరా లేదు.

ఎందుకు లేదో చెప్పేది క్యాసెట్ల కంపెనీ మనిషి. బెజవాడ నుంచి బ్యాగు వేసుకొని వచ్చేవాడు. తీసినాయన కాలం చేశాడట. కొడుకులు కోర్టుకెక్కారట. నెగెటివ్ మద్రాసులో ఏదో ల్యాబులో ఉండిపోయిందట.

“ఈ దసరాకి గ్యారంటీ అండి,” అనేవాడు.

“ఏ సంవత్సరం దసరానో అది కూడా చెప్పి పో నాయనా,” అనేదాన్ని.

క్యాసెట్ల కాలం అట్లాగే గడిచిపోయింది. అడిగేవాళ్ళలో కుర్రవాళ్ళు పెద్దవాళ్ళయ్యారు, వాళ్ళ పిల్లలు వచ్చి అడిగారు. అందరికీ అది సరదా. ఆ కుమ్మరామెకూ, ఆ పెద్దింటాయనకూ మాత్రం సరదా కాదు.

వాళ్ళ ఊరు జమ్మలమడుగు పైన పెన్న ఒడ్డున ఉండేది. ఆ సినిమాలో ఊరంతా తీసింది అక్కడే. సినిమాలో ఒక జాతర ఉంది. సెట్టింగు కాదు, ఆ ఊరి పెద్దమ్మ జాతరనే, ఆ ఊరి జనాన్నే నడిపించి తీశారు. కొన్నేండ్లకు రిజర్వాయరు నీళ్ళు వచ్చి ఊరు మునిగింది. జనాన్ని తెచ్చి రోడ్డు పక్కన ఒక కాలనీలో పెట్టారు. పెద్దమ్మ దేవర రాయిని బండిలో పెట్టుకొని వెంట తెచ్చుకున్నారు. చిన్న గుడి కట్టి నిలబెట్టారు. కానీ కాలనీకి వచ్చాక జాతర ఒక్కసారి కూడా జరగలేదు. తొలికుండ దగ్గర ఆగిపోయింది.

జాతర రోజు ఆడవాళ్ళు అంబలి కుండలు నెత్తిన పెట్టుకొని వరుసగా గుడికి నడుస్తారు. అందరికంటే ముందు నడిచేది తొలికుండ. దేవర మొదట తాగేది ఆ కుండలో అంబలి. తర్వాతనే మిగతావాళ్ళవి. అదొక మర్యాద. అది మాదని కుమ్మరింటివాళ్ళు, కాదు మాదని పెద్దింటివాళ్ళు.

పాత ఊర్లో ఇది ఎవరూ నోటితో చెప్పుకోవలసిన పని లేదు. ఎవరి వెనక ఎవరు నడవాలో కాళ్ళకే తెలుసు. కరువు వచ్చి కొన్నేండ్లు జాతర ఆగింది. తర్వాత నీళ్ళు వచ్చాయి. కాలనీలో మళ్ళీ మొదలుపెడదామనే సరికి పెద్ద తలకాయలు చాలావరకు పోయాయి. మిగిలినవాళ్ళలో సగం మంది పెద్దింటి చేలల్లో పనికి పోయేవాళ్ళు. వాళ్ళను అడిగితే, “మాకు గ్యాపకం లేదప్పా,” అన్నారు. ప్రతి ఏడూ పంచాయితీ పెట్టడం, అరుచుకోవడం, లేచిపోవడం.

అప్పుడెవరో అన్నారట, “సినిమాలో ఉండాది గదా, చూస్తే పాయె.” రెండు పక్షాలూ దానికి ఒప్పుకున్నాయి. తెరమీద ఎవరు ముందు నడిస్తే తొలికుండ వాళ్ళది. కానీ టూరింగు టాకీసు ప్రింటులో జాతర దగ్గర రీలు తెగిపోయి ఉంది. డప్పు కొట్టడం మొదలవుతుంది, టక్కున ఫైటింగు వస్తుంది. థియేటర్లో మొదటిసారి చూసినవాళ్ళను అడిగితే, ఎవరింటి కుండ వాళ్ళకు ముందు కనపడింది. కాబట్టి నిండు సినిమా వీడియోలో రావాలి. అది వచ్చేదాకా దేవర ఆగాలి.

ఇట్లాంటి తీర్పు మా ప్రాంతంవాళ్ళు తప్ప ఇంకెవరూ ఒప్పుకోరనుకుంటాను. మనిషి సాక్ష్యం కొనొచ్చు, సినిమాను ఎట్లా కొంటారు అని వాళ్ళ లెక్క.

కుమ్మరామె ఎండాకాలం కుండలు, కూజాలు తెచ్చి ప్రొద్దుటూరులో అమ్మేది. నా షాపు రేకుల నీడలో గంప దించి నీళ్ళడిగేది. సినిమా పేరు ఏనాడూ పలికేది కాదు.

“మా ఊరు వచ్చినాదా తల్లీ?”

“రాలేదు.”

“ఎప్పుడొస్తాది?”

“దసరాకంట.”

“నా మోకాళ్ళు దసరా దాకా ఆగేటట్టు లేవు.” నీళ్ళు తాగి, చెంబు బోర్లించి పెట్టి, ప్రతిసారీ అదే చెప్పేది. “మా అత్త మోసింది. ఆమె ఎనక నేను మోసినా. నా కోడలి నెత్తిన ఆ కుండ నా చేత్తో పెట్టి, నేను ఎనక నడిచి చూడాల. అంతకంటే నాకేం వద్దు.”

“మీ కోడలు మోస్తానంటాందా?” అని ఒకసారి అడిగాను.

“అదా? దానికి టీవీలో సీరియలు ఉంటే సాలు. అయినా మోపిస్తా. మా అత్త నన్నడిగి మోపిచ్చిందా?”

పెద్దింటాయన ఎరువులకో విత్తనాలకో ఊర్లోకి వచ్చినప్పుడు నా షాపు ముందు ఆగేవాడు. లోపలికి వచ్చేవాడు కాదు. సినిమాల అంగడి ఆయనకు చిన్నతనం. మెట్టు మీద నిలబడి, ఏదో దారిన పోతూ గుర్తొచ్చినట్టు, “అమ్మా, ఆ బొమ్మ వచ్చినాదా?” అనేవాడు. రాలేదంటే తల ఊపి వెళ్ళిపోయేవాడు. ఒకరోజు మాత్రం కాసేపు నిలబడి, “మా అమ్మ ముందు నడిచేది. ఎర్ర అంచు చీర. నేను డప్పుల కాడి నుంచి చూసేవాణ్ణి,” అన్నాడు. అబద్ధం చెప్పే మనిషి మొహం కాదది. కుమ్మరామెదీ కాదు. అందుకే నేను ఎటూ మాట్లాడేదాన్ని కాదు.

ఇట్లా ఉండగా, అప్పటికి క్యాసెట్లు అటకెక్కి సీడీలు నడుస్తున్న కాలంలో, కంపెనీ మనిషి ఒకనాడు బ్యాగులోంచి ఆ సినిమా తీసి కౌంటరు మీద పెట్టాడు. కవరు మీద హీరో మొహం పాలిపోయి ఉంది, విలను చేతిలో చెంబు మాత్రం మెరుస్తున్నది. మెకానిక్కు దాన్ని రెండు చేతులతో పట్టుకొని కళ్ళకద్దుకున్నాడు.

“అక్కా, ఒక్క ముక్క పెట్టి చూద్దాం.”

“దేన్నయినా మొదటి నుంచి చివరిదాకా చూసి, తప్పులుంటే వాపసు ఇవ్వడం మన పద్ధతి. ముక్క చూడ్డం ఏంది? మధ్యాహ్నం అన్నం తిన్నాక పెడుదువులే.”

మధ్యాహ్నం దాకా ఆగలేదు ఊరు. ఎవరు చెప్పారో తెలియదు. అంగట్లో కుండలు అమ్ముకుంటున్న కుమ్మరామె గంపతో సహా వచ్చేసింది. ఎరువుల కొట్లో ఉన్న పెద్దింటాయన కూడా వచ్చాడు. ఆ రోజు జరిగిందే నేను మొదట్లో రాసిన కొట్లాట.

దొంగ మాట దగ్గర ఆయన ఒక మెట్టు పైకెక్కాడు. ఆమె గంపను కాలితో పక్కకు తోసింది. నేను సీడీలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

“ఎవురింటికీ ఇయ్యను,” అన్నాను. “ఆదివారం మీ కాలనీ స్కూలు గదిలో నా టీవీ పెట్టి నేనే వేస్తా. పగలే. అందరూ చూస్తారు. అంతదాకా నేను కూడా పెట్టి చూడను. ఆటో బాడుగా, సీడీ అద్దే చెరి సగం.”

“సగమా?” అన్నాడు పెద్దింటాయన.

“సగమే. పెద్దిల్లని ఎక్కువ తీసుకోను, కుమ్మరిల్లని తక్కువ తీసుకోను.”

కుమ్మరామె గంప ఎత్తుకుంటూ, “ఈమె మన పంచాయితీల్లో ఉండాల్సింది మామా,” అన్నది. ఆయన నవ్వు ఆపుకోవడానికి మీసం తుడుచుకున్నాడు. కొట్లాడుకునేవాళ్ళే గాని, ఒక ఊరివాళ్ళు.

ఆదివారం టీవీని పాత బొంతలో చుట్టి ఆటోలో వేసుకొని నేనూ మెకానిక్కూ పోయాం. సాయంత్రం ఆయన ఇంట్లో పెళ్ళి చూపులుంటే, పని కాగానే బస్సెక్కి వచ్చేస్తానని ముందే చెప్పాడు. స్కూలు గది కిటికీలకు గోనెసంచులు కట్టారు. ముందు పిల్లలు, ఒక పక్క ఆడవాళ్ళు, ఒక పక్క మగవాళ్ళు, గుమ్మంలో పట్టనివాళ్ళు. పెద్దింటాయన భార్యను నేను ఆ రోజే మొదటిసారి చూశాను. పొట్టి మనిషి, పెద్ద ముక్కుపుడక. పంచాయితీలకు వాళ్ళింటి ఆడవాళ్ళు రారు. సినిమా కాబట్టి వచ్చింది. గోడవారగా కుర్చీ వేస్తే వద్దని, ఆడవాళ్ళలో కింద కూర్చుంది.

సినిమా మొదలైంది. విలను చెంబు ఎత్తగానే గదంతా ఒక్క గొంతుతో, “నీళ్ళు తాగి మాట్లాడు!” అని అరిచింది. పిల్లలు ఎగిరి గంతులేశారు. నేను చేతిలో కర్రపుల్ల చూపించి కూర్చోబెట్టాను.

కాసేపటికి ఊరి వీధులు వచ్చాయి. అప్పుడు కథను ఎవరూ చూడలేదు. హీరో ఏదో ఏడుస్తున్నాడు, అతని వెనక గోడను చూస్తున్నారు.

“అదో మా అరుగు!”

“మే, మీ గాడిపాడు సూడు, ఎద్దు కూడా ఉండాది!”

“బాయి... మన బాయి...”

ఒక ముసలాయన లేచి టీవీ దగ్గరికి వచ్చి అద్దం మీద వేలు పెట్టాడు. “ఈ సందులోంచి పోతే మా ఇల్లు. ఇంకొంచెం తిప్పితే కనపడేది,” అన్నాడు. కెమెరా తిప్పలేదు. “అద్దం తాకొద్దు పెద్దాయనా, కూచో,” అన్నాను. ఆయన కూర్చున్నాడు గాని వేలు చాపే ఉంచాడు.

రెండో సీడీ పెట్టాం. డప్పులు మొదలయ్యాయి. కుమ్మరామె మోకాళ్ళ మీద లేచింది. పెద్దింటాయన మగవాళ్ళ మధ్యలోంచి ముందుకు జరిగాడు. అప్పుడే బొమ్మ గళ్ళు గళ్ళుగా చీలి నిలబడిపోయింది.

“ఈ దేవరకు ఇష్టం లేదబ్బా,” అన్నారెవరో.

“దేవరకు కాదు, సీడీకి,” అని మెకానిక్కు దాన్ని బయటికి తీశాడు. నేను సంచీలోంచి పేస్టు ట్యూబు తీసిచ్చాను. ఆయన వేలితో రుద్ది, చెంబు నీళ్ళతో కడిగి, నా చెంగుతో తుడిచి మళ్ళీ పెట్టాడు. ఆడింది.

తెరమీద మొదట రెండు చేతులు వచ్చాయి. చేతులే, మొహం లేదు. ఆ చేతులు అంబలి కుండను ఎత్తి ఒకామె నెత్తిన పెట్టాయి. కెమెరా కిందికి దిగి ఆ కుండ మోసేదెవరో చూపించింది.

హీరోయిను.

పెదాలకు రంగు, మెడలో పూసలు, కళ్ళకు కాటుక. అందరికంటే ముందు ఆమే నడిచింది. వెనక ఊరి ఆడవాళ్ళంతా దుమ్ములో, సాంబ్రాణి పొగలో ఒక ముద్ద. ఎవరు ముందో ఎవరు వెనకో దేవరకే తెలియాలి. హీరోయిను మొహం, ఆమె కాళ్ళ గజ్జెలు, మళ్ళీ మొహం. గుడి వచ్చింది. జాతర అయిపోయింది. ఫైటింగు మొదలైంది.

వెనక నుంచి ఒకడు, “అయితే తొలికుండ మద్రాసుకు పోవాలప్పా,” అన్నాడు. గదంతా పగలబడి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఇన్నేండ్లు ఎదురు చూసింది ఈ పిల్ల కోసమా అని.

నవ్వనిది ఇద్దరే. కుమ్మరామె అరిచింది.

“ఎనక్కి తిప్పప్పా! ఆ చేతులు చూపీ!”

మెకానిక్కు వెనక్కి తిప్పి బొమ్మను నిలబెట్టాడు. కుడి చేతి మీద, మణికట్టుకు పైన, తేలు పచ్చబొట్టు. కుమ్మరామె తన చేయి చాపి టీవీ పక్కన పెట్టింది. చర్మం ముడతలు పడింది గాని తేలు అదే.

“చూడండి. నా చేతులు. నేనెత్తిచ్చినా. సినిమావోళ్ళు వచ్చి తొలికుండ మీ ఊళ్ళో ఎవురు మోస్తారని అడిగితే నన్ను చూపిచ్చినారు. నా నెత్తి మీది నుంచి తీసి ఆ పిల్లకు పెట్టిచ్చినారు. నన్ను ముందు నడిపిచ్చి కూడా తీసినారు, అది దీంట్లో పెట్టలేదు.”

పెద్దింటాయన తొందరపడలేదు. బొమ్మను బాగా చూశాడు. “చేతులు నీవే మే. కాదన్ను. కుండ చేసిందానివి, కుండ ఎత్తిచ్చినావు. ముందు నడిచినావని దీంట్లో యాడుంది?”

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. కుమ్మరామె ఆ బొమ్మ వంకా, తన చేయి వంకా చూసుకొని మెల్లగా కూర్చుండిపోయింది. ఇంక రావలసిన సినిమా లేదు. అడగవలసిన చోటు లేదు. కోడలు వచ్చి భుజం పట్టుకుంటే ఆ చేయి తోసేసింది.

అప్పుడు ఆడవాళ్ళలోంచి పెద్దింటాయన భార్య మాట్లాడింది. గొంతు పెంచలేదు, చీర సర్దుకుంటూ అన్నది.

“నేనెప్పుడు ముందు నడిచినా?”

పెద్దింటాయన తిరిగి చూశాడు.

“మా అమ్మ నడిచింది.”

“మీ అమ్మా రెండోదే. ఆమెకు చాతగాకుండా పోయినాంక ఆ రెండో కుండ నాకొచ్చింది. నాకు మొదటిసారి ఎత్తిచ్చినపుడు మీ అమ్మ చెప్పింది, కుమ్మరామె మడమలు చూసుకుంటా నడువు, అది నిలబడితే నిలబడు, అది కదిలితే కదులు అని. కుండ నెత్తినుంటే ఇంకేం చూస్తాం? ఆమె మడమల్నే చూసినా నేను. ఎడమ మడమకు పగులు యాడుంటాదో కూడా నాకు తెలుసు.”

కుమ్మరామె కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి తన ఎడమ కాలు తానే తిప్పి చూసుకుంది. పక్కనున్న ఆడవాళ్ళంతా వంగి చూశారు.

“నేను చూసినా గదనే, ఎర్ర అంచు చీర...” అన్నాడు పెద్దింటాయన.

“నీకు మీ అమ్మ తప్ప ఇంకెవురు కనపడినారు ఏనాడైనా?”

ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన మొహం ఎర్రబడింది.

“ఇన్నేండ్లు చెప్పకుండా ఏం చేస్తాంటివి?”

“పంచాయితీకి నన్ను పిలిచినావా? ఇంటికొచ్చి నన్నొక మాట అడిగినావా? ఏటేటా పంచాయితీకి మజ్జిగ పంపీమంటివి. పంపిస్తి.”

గదిలో ఉన్న మగవాళ్ళంతా ప్రతి ఏడూ ఆ మజ్జిగ తాగినవాళ్ళే. మద్రాసు ల్యాబుకు, కోర్టుకు, బెజవాడ కంపెనీకి ఎదురు చూశారు. వీధి చివరి వంటింట్లో ఉన్న మనిషిని అడగాలని ఒక్కరికీ తోచలేదు. పిల్లలూ, ఈ కాగితాలు రాయడానికి కూర్చున్నది ఈ ఒక్క మాట కోసమే. మీరూ ఫోన్లో ఏదో నిజం తేల్చుకుంటూ ఉంటారు. పక్క గదిలో ఎవరున్నారో కూడా చూసుకోండి.

పెద్దింటాయన కండువా దులుపుకొని బయటికి నడిచాడు. ఆయన వెనక కొందరు లేవబోయారు.

“యాడికి పోతాండారు? అద్దె కట్టినారు గదా, చివరిదాకా చూడండి,” అన్నాను. కూర్చున్నారు. విలనుకు హీరో నీళ్ళ చెంబు అందించే దాకా చూసి, అరిచి, లేచారు.

ఆటోవాడు మళ్ళీ పొద్దున గాని రానన్నాడు. మెకానిక్కు బస్సుకు పోయాడు. టీవీని ఒంటరిగా వదిలే అలవాటు నాకు లేదు, స్కూలు గదిలోనే దాని పక్కన చాప వేసుకున్నాను. రెండిళ్ళ నుంచీ అన్నం వచ్చింది. కుమ్మరింటి నుంచి జొన్న సంకటి, ఊరుబిండి పచ్చడి. పెద్దింటి నుంచి అన్నం, పప్పు, మజ్జిగ. పారేయడం నా చేత కాదు. రెండూ తిన్నాను.

మర్నాడు పొద్దున ఆటో కోసం మెట్ల మీద కూర్చొని ఉన్నాను. పెద్దింటి ట్రాక్టరు వచ్చి, వీధికి అటు పక్కన కుమ్మరామె వాకిట్లో ఆగింది. ట్రాలీలో మట్టి. నడుపుతున్నది ఆయనే. కిందికి దిగలేదు, ఇంజనూ ఆపలేదు.

“రిజర్వాయరు అంచున తవ్విచ్చినా. మనూరి మట్టే. తొలికుండ చేసుకో,” అన్నాడు, ముందుకే చూస్తూ.

కుమ్మరామె వాకిట్లోకి వచ్చింది. ట్రాలీలోంచి పిడికెడు మట్టి తీసి, నీళ్ళు చిలకరించి, వేళ్ళ మధ్యన నలిపి చూసింది.

“ఇసుక ఎక్కువుండాది మామా. కుండ నిలబడదు. ఇంకో పక్క తవ్విచ్చు.”

ఆయన ట్రాక్టరు వెనక్కి తిప్పుకొని మళ్ళీ రిజర్వాయరు దారి పట్టాడు.